రాహాబు మిద్దె మీది కట్టెలు, మన భీమిలి గోగు



యెహోషువ గ్రంథం రెండవ అధ్యాయం ధ్యానించుకున్న ఆదివారం, ఆరాధన అయ్యాక ఒక మామ్మగారు మమ్మల్ని ఆపి అడిగారు: "అయ్యగారూ, రాహాబమ్మ వేగులవాళ్లను దాచిన జనుపకట్టె మన గోగు కట్టేనా?" ఆవిడ పెళ్లికి ముందు చెరువులో దిగి గోగునార తీసిన మనిషి. వెంటనే సరిగా జవాబు చెప్పలేకపోయాం. ఆ వారమంతా అదే వెతుక్కున్నాం.

రాహాబు మిద్దె మీద ఎండుతున్నది అవిసె. ఇప్పుడు డాక్టర్లు గింజలు తినమంటున్న అవిసే. దాని కాడల నారతోనే యాజకుల సన్నపు నారబట్టలు నేశారు. సామెతలు 31లో గుణవతి చేత పట్టుకున్నది కూడా ఆ నారే. హెబ్రీలో ఈ రెండు చోట్లా ఉన్నది ఒకే మొక్క. మన తెలుగు బైబిలులో మాత్రం సామెతల్లో అవిసెనార అని, యెహోషువలో జనుపకట్టె అని ఉంది. దీన్ని మేము తప్పుగా ఎంచం. నార కోసం అవిసె పండించే అలవాటు మన సీమలో లేదు. చదువరికి తెలిసిన నారమొక్క పేరు పెట్టారు, అంతే.

ఆ అనువాదపు పనికి మన విశాఖకు చుట్టరికం ఉంది. లండన్ మిషనరీలు జార్జి క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ 1805లో విశాఖపట్నం వచ్చారు. ఆనందరాయర్ సాయంతో సువార్తలను తెలుగు చేశారు. క్రాన్ 1809లో, డెస్ గ్రాంజెస్ 1810లో ప్రభువునందు నిద్రించారు. మూడు సువార్తలు 1812లో శ్రీరాంపురంలో అచ్చయ్యాయి, చూసుకోవడానికి వాళ్లిద్దరూ లేరు.

పేర్ల చిక్కు ఇక్కడితో ఆగదు. జనుము వేరు, పచ్చిరొట్టగా దున్నేది, తాళ్లు పేనేది. జనపనార అని మనం బస్తాలకు వాడే మాట బెంగాలు జూట్‌ది. గోగు ఇంకొకటి. గంజాయి మొక్కకూ నార ఉంది, పూర్వం ఓడల తాళ్లు దానితోనే చేసేవారు. గోగు శాస్త్రీయ నామం హైబిస్కస్ కెనాబినస్. ఆకు గంజాయి ఆకును పోలి ఉంటుందని ఆ పేరు. ఏజెన్సీలో గంజాయి వల్ల ఎన్ని ఇళ్లు చెడ్డాయో మీకు తెలుసు కనుక చెబుతున్నాం, ఈ గోగుకు ఆ మత్తు లేదు. గోగు జాతుల్లో ఇంకొకటి, ఎర్ర గోంగూర వర్గానిది, మన మెట్టల్లో వానాధారంగా ఎక్కువ నిలబడింది. మార్కెట్లో రెండింటికీ కలిపి మెస్తా అంటారు.

ఈ నారకు ప్రపంచ వ్యాపారంలో ఉన్న పేరు ఏమిటో తెలుసా? బిమ్లిపట్నం జూట్. మన భీమునిపట్నమే. ఆ రేవు నుండి ఓడలెక్కి వెళ్లినందుకు ఊరి పేరు అంటుకుంది. చిట్టివలస, నెల్లిమర్ల మిల్లుల్లో గోనెలు నేశారు. 1947లో దేశం రెండైనప్పుడు మిల్లులు కలకత్తా వైపు, జూట్ పండే పొలాల్లో ఎక్కువ భాగం తూర్పు బెంగాల్లో ఉండిపోయాయి. ఆ లోటు తీర్చడానికి మెస్తా సాగు పెంచారు. 1938లో ఢాకాలో మొదలైన పరిశోధన కూడా సరిహద్దు దాటి చివరికి బరక్‌పూర్ చేరింది. మన వైపు ఆమదాలవలస పరిశోధనా స్థానం గోగు రకాలు తీసింది. రకం పేరు ముందు ఏఎంవీ అని ఉంటే అది ఆమదాలవలసదే.

తర్వాత ప్లాస్టిక్ సంచి వచ్చింది. ధాన్యానికి, పంచదారకు జూట్ సంచులు తప్పనిసరి చేస్తూ 1987లో చట్టం చేసినా పంట నిలవలేదు. చెరువులో మోకాటి లోతున నిలబడి, ఊరిన కట్టెల వాసనలో నార తీయడానికి ఇప్పటి పిల్లలు రారు. వాళ్లను ఏమనగలం?

కానీ పంట పోవడంతో పాటు ఇంకొకటి పోతోంది. గోగును నార కోసం పూత దశలోనే కోసేస్తారు. ఆలస్యమైతే నార మొరటు అవుతుంది. అంటే నార పంటలో గింజ రాదు. విత్తనం కావాలంటే గట్టున ఒక వరుసో, చేను మూలో వేరుగా వదలాలి. ఆ వరుస వదిలేది ఎవరు? ఎక్కువగా మన అమ్మమ్మలే. కొందరి రకం కాడ కుళ్లుకు తట్టుకునేది, కొందరిది వాన ఆలస్యమైనా నిలిచేది. చేను వేయడం మానిన రోజున ఆ వరుసా మానారు. కుండలో గింజ నాలుగేళ్లు ఉంటే మొలక చచ్చిపోతుంది.

ఢిల్లీలోని జాతీయ మొక్కల జన్యువనరుల సంస్థ ఇలాంటి గింజలను బాగా ఆరబెట్టి, సున్నాకు దాదాపు 18 డిగ్రీల దిగువన దాస్తుంది. దానికి హైదరాబాదులోనూ కేంద్రం ఉంది. అయితే గింజ దాచినంత మాత్రాన పని అయిపోదు. ఏ ఊరిది, ఎవరిచ్చారు, ఊరివాళ్లు ఏమని పిలిచారు, ఏ నేల అన్నది రాయకపోతే అది పేరు లేని సమాధి వంటిది. పొట్లం మీద ఉత్తినే "జనుప" అని రాస్తే ఏ మొక్కో ఎవరికి తెలుస్తుంది? మామ్మగారి ప్రశ్న దగ్గర మేము తడబడ్డది ఇక్కడే.

రష్యాలో వవిలోవ్ అనే శాస్త్రవేత్త లోకమంతా తిరిగి విత్తనాలు పోగుచేశాడు, అందులో అవిసె కూడా ఉంది. ఆయనను ప్రభుత్వం నిర్బంధించింది, 1943లో చెరసాలలో చనిపోయాడు. అదే కాలంలో లెనిన్‌గ్రాడ్ ముట్టడిలో ఆయన సహచరులు కొందరు వరి, వేరుశనగ గింజల మధ్యనే ఆకలితో ప్రాణాలు విడిచారు, గింజ ముట్టుకోలేదు. ఆదికాండము 47లో ఐగుప్తు జనులు యోసేపును తినడానికి ధాన్యమే కాదు, విత్తనాలూ అడిగారు. కరవులో ఆ రెండో మాట అడగడం ఎంత కష్టమో ఈ మనుషులను తలచుకున్నాకే మాకు అర్థమైంది.

మామ్మగారికి జవాబు చెప్పాం: అది గోగు కాదమ్మా, అవిసె, కానీ ఆరబెట్టిన తీరు మీదే. ఆవిడ నవ్వి, చెల్లెలి ఇంట్లో ఇంకా గుప్పెడు గోగు గింజలు ఉన్నాయని, అవి మొలుస్తాయో లేదో తెలియదని అన్నారు. తొలకరికి పాస్టరు ఇంటి వెనక పెరట్లో వేసి చూస్తాం. మీ ఇళ్లలో ఉంటే కాగితపు కవరులో తెండి, ప్లాస్టిక్ వద్దు. కవరు మీద ఊరు, ఇచ్చిన వారి పేరు, మీ ఇంట్లో దాన్ని ఏమనేవారో ఆ మాట, ఏ ఏడాది గింజో రాయండి. రాయడం రాని పెద్దలుంటే మేమే అడిగి రాసుకుంటాం.