చదరంగపు తుదిఘట్టము – యంత్రగణన

చదరంగము 32 పావులతో ఆరంభమగును. ఆట సాగినకొలది పావులు పడిపోయి, తుదకు రాజులతో కూడ నాలుగైదు మాత్రమే బల్లపై మిగులును. పావులు తగ్గినందున ఆట సులభమైనదని చూచువారికి తోచును. ఆడువారికి అట్లు తోచదు. ఆరంభమున ఒక ఎత్తు తప్పినను దిద్దుకొనుటకు అవకాశముండును. తుదిఘట్టమున ఒక్క ఎత్తు తప్పినచో చేజిక్కిన గెలుపు చేజారును. ఈ ఘట్టమును యంత్రములు ఎట్లు లెక్కగట్టినవో, ఆ లెక్క మనకేమి నేర్పినదో ఇప్పుడు విచారింతము.

తెనాలికి చేరువనున్న అమృతలూరు చిరకాలము గుంటూరు జిల్లాలో నుండి, 2022లో బాపట్ల జిల్లాలో చేరినది. అట్టి మన గ్రామములకు పులిజూదము కొత్తది కాదు. 3 పులులు, 15 మేకలు గల ఆ ఆటలో మేకల పక్షమువారు పులిని బంధించిన స్థితిని ముందుగా మనస్సున నిలుపుకొని, దానికి ముందు ఏ మేక ఎక్కడ నుండవలెనో వెనుకకు ఆలోచింతురు. చదరంగపు తుదిఘట్టమును ఛేదించిన పద్ధతికి మూలము ఇట్టి వెనుకచూపే.

అమెరికా గణితవేత్త రిచర్డ్ బెల్‌మన్ 1965లో ఈ మార్గమును సూచించెను. జర్మనీలో థామస్ స్ట్రోలైన్ 1970లో తన పరిశోధన గ్రంథమున కొన్ని చిన్న ముగింపులను ఈ రీతిగా గణించెను. పద్ధతి ఇట్టిది: ముందుగా రాజు ఆటకట్టిన స్థితులన్నిటిని యంత్రము గుర్తించును. ఒక్క ఎత్తుతో వానిని చేరగల స్థితులేవో తరువాత గుర్తించును. ఎదుటివాడు ఏ ఎత్తు వేసినను తప్పించుకొనలేని స్థితులను వాని వెనుక చేర్చును. ఇట్లు వెనుకకు పోగా పోగా, ఏ గుర్తును పడని స్థితులు సమమని తేలును. ఇందులో ఊహకు తావులేదు. అయితే శ్రమ అపారము. నాలుగు వేర్వేరు పావులను 64 గడులలో అమర్చు విధములే కోటి యేబది లక్షలకు మించును. పావు ఒక్కటి హెచ్చినచో ఆ సంఖ్య సుమారు 60 రెట్లగును.

బెల్ ప్రయోగశాలలకు చెందిన కెన్ థాంప్సన్, మంత్రి ఒక ప్రక్క, ఏనుగు మరొక ప్రక్క గల ముగింపునకు ఇట్టి పట్టికను సిద్ధపరచెను. మంత్రి పక్షమునకు గెలుపు సులభమని పుస్తకములు చెప్పుచుండెను. ఆరు పర్యాయములు అమెరికా జాతీయ విజేతగా నిలిచిన వాల్టర్ బ్రౌన్ 1977లో మంత్రి పక్షము వహించి ఆ యంత్రముతో ఆడెను. 31 ఎత్తులలో గెలువదగిన స్థితి అది. పుస్తకములలో లేని తావులకు యంత్రము ఏనుగును నడపుచుండగా, 50 ఎత్తుల గడువులో ఆయన గెలువలేకపోయెను. పిమ్మట కొంత సాధనచేసి మరొక స్థితితో ఆడి, సరిగా 50వ ఎత్తున విజయము పొందెను.

ఇంతకంటె గొప్ప విశేషము రెండు శకటులకు, ఒక గుర్రమునకు జరుగు పోరులో బయల్పడినది. క్లింగ్, హార్విట్జ్ అను విద్వాంసులు 1851లో ఒక రక్షణస్థితిని చూపి, గుర్రము గలవాడు దానిని చేరినచో ఆట సమమగునని నిర్ణయించిరి. నూట ముప్పది ఏండ్లు ఆ నిర్ణయము చెల్లినది. 1983లో థాంప్సన్ ఐదు పావుల పట్టికలను గణించగా ఆ కోట భేద్యమని, శకటుల పక్షమునకు సామాన్యముగా గెలుపే యని తేలెను. గుర్రమును పట్టుటకు ఒక్కొక్కప్పుడు 66 ఎత్తులు కావలెను. పెద్దల మాట తప్పెననుటకంటె, వారు చూడగలిగిన దూరము అంతయే యనుట న్యాయము.

అంతట నియమమునకే చిక్కు వచ్చినది. పావు పడక, బంటు కదలక 50 ఎత్తులు గడచినచో సమమని కోరవచ్చుననునది నిబంధన. 66 ఎత్తుల గెలుపు దానికి లొంగదు. 1980 దశకమున అంతర్జాతీయ చదరంగ సమాఖ్య కొన్ని ముగింపులకు గడువును పెంచి, 1992లో ఆ మినహాయింపులను తొలగించి 50నే నిలిపెను. గణితసత్యము ఒకటి, మనుష్యుల ఓపికకు తగిన కట్టుబాటు మరొకటి అని ఇందువలన స్పష్టమైనది.

2012లో మాస్కో విశ్వవిద్యాలయపు యంత్రముపై ఏడు పావుల పట్టికలు పూర్తియైనవి. వానిలో 549 ఎత్తులకు ఆటకట్టు స్థితి ఒకటి కలదు. రోనాల్డ్ డి మాన్ 2013లో వెలువరించిన ‘సిజిజీ’ పట్టికలు 50 ఎత్తుల నిబంధనను లెక్కలోనికి తీసికొని, చాల తక్కువ చోటులో ఇముడును. అవి 2018 నాటికి ఏడు పావులకు విస్తరించినవి. చదరంగపు యంత్రము ముందుకు ఆలోచించునపుడు పావులు ఏడింటికి తగ్గిన స్థితి ఎదురైనచో, ఆలోచన మాని పట్టికను చూచి ఫలితమును గ్రహించును.

అయితే పట్టిక ‘ఇది గెలుపు’ అని చెప్పునే కాని, ‘ఏల’ అని చెప్పదు. గుంటూరున జన్మించి 2001లో గ్రాండ్‌మాస్టరైన పెంటేల హరికృష్ణ, 2002లో పదునైదవ యేట ఆ బిరుదు పొందిన కోనేరు హంపి, 2011లో పొందిన ద్రోణవల్లి హారిక – వీరెవ్వరును పోటీలో పట్టికను తెరచి చూచుటకు వీలులేదు. గడియారము నడచుచుండగా తోడుండునది నేర్చిన విద్యయే. కావున ఇంట పిల్లలు చదరంగము నేర్చునపుడు ముగింపును ముందు తామే ఆడి, తమ తీర్పును వ్రాసికొని, పిదప పట్టికతో సరిచూచుకొనుట మేలు. తప్పు ఏ ఎత్తున జరిగెనో పట్టిక చూపును. ఆ ఎత్తు ఏల తప్పో కనుగొనుట మాత్రము నేర్చువారి పనియే.