ఆటపాకలో ఇనుప చెట్లు

పామిడిముక్కల వైపు నుంచి గుడివాడ మీదుగా కైకలూరు వెళ్తే, ఆ పక్కనే కొల్లేరు సరస్సులోని ఆటపాక పక్షుల కేంద్రం. ఇప్పుడది ఏలూరు జిల్లా. పడవెక్కితే ముందు కంటపడేవి నీళ్లలో నిలబెట్టిన ఇనుప స్టాండ్లు. గూళ్లకు చెట్లు చాలక అటవీశాఖ పెట్టించినవి. వాటి అంతస్తుల మీద గూడబాతులు పుల్లలు పేర్చుకుని కాపురం ఉంటాయి. పిల్ల తన తలంతా తల్లి గొంతుసంచిలోకి దూర్చి చేప లాక్కుంటుంటే, చూసేవాళ్లకే ఊపిరాడదు!

కొల్లేరు చరిత్రకెక్కింది యుద్ధంతో. రెండో పులకేశి ఐహోళె శాసనం (క్రీ.శ. 634) పిఠాపురం గెలుపు వెంటనే నెత్తురుతో ఎర్రబడిన ‘కునాల’ జలాన్ని చెబుతుంది. అది కొల్లేరేనని చరిత్రకారులు గుర్తించారు.

పక్షుల కథ ఇంత పాతది కాకపోయినా మలుపులు ఎక్కువ. పశ్చిమ గోదావరిలోని ఆరేడులో ఊరి చెట్ల మీదే గూడబాతులు పిల్లల్ని పెంచేవి. పక్షి పరిశీలకుడు కె.కె. నీలకంఠన్ 1949లో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో దాని గురించి రాశారు. తర్వాత అవి ఆ ఊరు వదిలేశాయి. ఈలోగా కొల్లేటి గర్భంలో చేపల చెరువుల గట్లు లేచాయి. బుడమేరు, తమ్మిలేరు తెచ్చిన వరద ఉప్పుటేరు దాకా పోవడానికే దారి కరవైంది. 1999లో ఐదో కాంటూరు (సముద్రమట్టపు ఎత్తు గీత) వరకు 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో చిత్తడి నేలగా రామ్‌సర్ గుర్తింపు వచ్చింది. 2006లో ఆ చెరువులు తొలగించడానికి పొక్లెయిన్లు గట్లు తెగ్గొట్టాయి. లీజుదారుల చెరువులతో పాటు లంక గ్రామాల్లోని పేదల సొసైటీ చెరువులూ పోయాయి. ఐదు కాదు, మూడో కాంటూరుకే పరిమితం చేయాలన్న గొడవకు మూలం అదే.

ఒక మాట చెప్పక తప్పదు. ఆటపాక అంటే చుట్టూ గట్టు కట్టిన చెరువు. అది చూసి కొల్లేరు చూశామనుకుంటే పొరపాటే. అసలు కొల్లేరు కావాలంటే కొల్లేటికోట దాకా వెళ్లాలి. పెద్దింట్లమ్మ గుడి అక్కడే, ఫాల్గుణంలో జాతర. దారిలో కిక్కిస, గుర్రపుడెక్క, తాటి దోనె మీద వల విసిరేవాళ్లు కనిపిస్తారు.

గూడబాతుల కోసమైతే అక్టోబరు, మార్చి మధ్య పొద్దున్నే వెళ్లండి. ఎర్రకాళ్ల కొంగలూ అప్పుడే ఉంటాయి. స్టాండ్ల దగ్గర పడవ ఆపినప్పుడు కేకలు, చప్పట్లు వద్దు. తల్లి లేచిపోతే గూట్లో గుడ్లకు కాకులే కాపలా.