ఇంతకీ ఏం తేలింది బాబూ?

మొన్నామధ్య ఎంటెక్ చదువుతున్న మా బాబాయి కూతురు ఫోన్ చేసింది. "అన్నయ్యా, శనివారం కాన్ఫరెన్సు. పోస్టరు ఓసారి చూసిపెట్టవా?" అని. ఫైలు తెరిస్తే ఏముంది, పేపరు పేపరంతా ఎత్తుకొచ్చి ఏ-జీరో సైజులో కుమ్మరించేసింది. నవ్వుదామంటే మొహం చెల్లలేదు. ఇంజనీరింగ్ ఫైనలియర్‌లో నేను వెలగబెట్టిందీ అదే. చూడ్డానికొచ్చిన మేష్టారు పైనుంచి కిందకి ఓ చూపు చూసి, "ఇంతకీ ఏం తేలింది బాబూ?" అన్నారు. నాకు నోరు పెగల్లేదు.

అసలీ పోస్టరు అనేదే ఇరుకులో పుట్టింది. 1969లో మాడ్రిడ్‌లో యూరప్ జీవరసాయన శాస్త్రజ్ఞుల సమావేశం జరిగింది. చెప్పేవాళ్ళు ఎక్కువ, గంటలు తక్కువ. దాంతో కొందరు తమ పనిని బోర్డుకి అంటించి, పక్కనే నిలబడి, వచ్చినవాళ్ళతో మాట్లాడే ఏర్పాటు చేశారు. 1974లో మినియాపొలిస్ సమావేశంతో అది అమెరికాకీ పాకింది. అంటే పోస్టరు కబుర్లకి పిలుపన్నమాట. ఆ రోజుల్లో విడివిడి కాగితాలు గుండుసూదులతో గుచ్చేవారు. తర్వాత 1987లో పవర్‌పాయింట్ వచ్చింది, ఆపైన పెద్ద ప్రింటర్లొచ్చాయి. 84 సెంటీమీటర్లు బై 119, ఒకే షీటు! చోటు దొరికింది కదాని నింపడం మొదలెట్టాం.

దారినపోయేవాడి కోసం రాయడమెలాగో తెలిసినవాళ్ళు మా మల్కాపురంలోనే ఉండేవారు. 1957లో కాల్టెక్స్ రిఫైనరీ మొదలైన ఊరు మాది (1978 నుంచి అది హెచ్‌పీసీఎల్). నాన్న షిప్‌యార్డులో వెల్డరు. చిన్నప్పుడు సైకిలు ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని గోడల మీద హెచ్చరికలు నాతో చదివించేవాడు. ఒక బొమ్మ, రెండు మూడు మాటలు, అంతే. సైకిలు దాటిపోయేలోపు చదివేయగలిగేవాణ్ణి. పది అడుగుల దూరానికి అంగుళం ఎత్తు అక్షరం అని బోర్డులు రాసేవాళ్ళ లెక్క.

నాన్నకి ఆ బోర్డుల పట్టింపు ఊరికే రాలేదు. 1997 సెప్టెంబరు 14న రిఫైనరీలో ఎల్పీజీ లీకై మంటలు లేచాయి. యాభైమందికి పైగా పోయారు. నేనప్పటికి పొత్తిళ్ళలో ఉన్నాను. అమ్మ నన్నెత్తుకుని గాజువాక వైపు పరిగెత్తిందట. మా పోస్టరు ఎవరూ చదవకపోతే మహా అయితే మార్కులు పోతాయి, అదీ తేడా.

2019లో మైక్ మారిసన్ అనే సైకాలజీ పరిశోధక విద్యార్థి ఒక వీడియో పెట్టాడు. అంతకుముందు మనలాగే సాఫ్ట్‌వేరు వైపు, యూజర్ ఎక్స్‌పీరియన్స్ పని చేసినవాడు. తేలిన విషయం మామూలు భాషలో, మధ్యలో పేద్ద అక్షరాలతో రాయి, మిగతాది పక్కకి నెట్టు, పూర్తి పేపరుకి క్యూఆర్ కోడ్ పెట్టు అన్నాడు. గ్రాఫులకి చోటేదీ అని కొందరు విరుచుకుపడ్డారు. నా మటుకు నాకు ఆ గొడవలో న్యాయముందనే అనిపించింది. గ్రాఫే అసలు ఫలితమైతే, మధ్యలో గ్రాఫే ఉండాలి కదా!

చెల్లికి తిరిగి ఫోన్ చేసి, "ఇంతకీ ఏం తేలింది?" అన్నాను. పది నిమిషాలు చెప్పింది. అందులో ఒక్క వాక్యం పట్టుకుని మధ్యలో పెట్టాం, కింద ఒక గ్రాఫు. సాహిత్య సమీక్ష మొత్తం ఎగిరిపోయింది. "మా గైడు చంపేస్తారు అన్నయ్యా" అంది. ఆయన కోసం ఓ మూల నాలుగు లైన్లు మళ్ళీ పెట్టక తప్పలేదు.