అగ్నినిరోధక రసాయనములు: మేలుకీడుల విచారణ

వెల్లిచందై ధర్మపురి జిల్లాలోని గ్రామము. తమిళమున ‘వెళ్ళి’ యనగా శుక్రవారము. వెండికిని అదియే పేరు. ‘చందై’ యనగా సంత. సంతకు వచ్చినవాడు ధాన్యమును అరచేత పోసికొని చూచును. కుండను మీటి చూచును. వస్త్రమును వెలుతురున కెత్తి చూచును. కాని నేటి అంగళ్ళలో దొరకు ఫోము పరుపునందును, విద్యుత్పరికరముల ప్లాస్టిక్కునందును కలిసియుండదగు అగ్నినిరోధక రసాయనమును కంటితోగాని చేతితోగాని పరీక్షింప సాధ్యము కాదు. దాని మేలుకీడులను నిర్ణయించు భారమును కొనువానిపై మోపుట న్యాయము కాదు. ఆ భారమును ఎవరు, ఎట్లు వహింపవలెనను ప్రశ్నకు సుమారు మూడు శతాబ్దుల చరిత్ర సమాధానము చెప్పుచున్నది.

అగ్నిభయము కల్పితము కాదు. 2004 జూలై 16వ తేదీన కుంభకోణములోని ఒక పాఠశాలలో మధ్యాహ్న భోజనము వండు పాకనుండి నిప్పు లేచి, పైయంతస్తు తరగతిపై నున్న ఆకుల కప్పున కంటుకొనెను. దారి ఇరుకగుటచే పిల్లలు బయటపడలేకపోయిరి. 94 మంది పసివారు అసువులు బాసిరి. పాఠశాలలపై ఆకుల కప్పులను తీసివేయవలెనని ప్రభుత్వము ఆజ్ఞాపించినది ఆ తరువాతనే. ఇల్లు కాలుచుండగా బావి త్రవ్వినట్లను సామెత ఇట్టి సందర్భమున పుట్టినదే కాబోలు. ఈ దుఃఖమెరిగినవారు మండని వస్తువును కోరుట సహజము.

ఆ కోరిక ప్రాచీనమైనది. 1735లో ఇంగ్లండునందు ఒబదయా వైల్డ్ అనునతడు పటిక, వెలిగారము, అన్నభేది కలిపి గుడ్డకును కాగితమునకును మంట అంటకుండ జేయు విధానమునకు పేటెంటు పొందెను. ఈ మూడును తెలుగువారు పచారి కొట్టులో పేరు చెప్పి కొనిన సరకులే. 1821లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు గే-లుసాక్, నాటకశాలల తెరలను కాపాడుటకై 18వ లూయీ రాజు కోరగా పరిశోధన సలిపి, అమోనియం ఫాస్ఫేటు, నవాసాగరము, వెలిగారముల గుణమును నిరూపించెను. కొన్ని లవణములు కరగి దారములపై గాజువంటి పొర యేర్పరచును. కొన్ని మండని వాయువుల నిచ్చి మంటను పలుచన చేయును. వీనికి గల ముఖ్యమైన లోపము, ఉదికినచో పోవుట. 1912లో పెర్కిన్ అను రసాయనజ్ఞుడు ఫ్లానెలెట్టు గుడ్డలో తగరపు ఆక్సైడును ఇమిడ్చి ఆ లోపమును తీర్ప యత్నించెను. త్వరగా పోని రసాయనమే ఉత్తమమను భావము ఇట్లు బలపడెను. ఆ సుగుణమే తరువాత మరియొక రూపమున దోషమైనది.

రెండవ ప్రపంచ యుద్ధానంతరము ప్లాస్టిక్కులు, కృత్రిమ నూలు, ఫోము ఇండ్లలో విరివిగా ప్రవేశించెను. ఇవి త్వరగా మండునవి. బ్రోమినుగల సమ్మేళనములు వేడికి విడివడి, మంటను పెంచు గొలుసు చర్యను త్రెంచును గనుక పరిశ్రమలు వానిని ఆదరించెను. 1973లో అమెరికాలోని మిచిగన్ రాష్ట్రమున ఒక ఘోరమైన పొరపాటు జరిగెను. పశువుల దాణాలో కలుపవలసిన మెగ్నీషియం ఆక్సైడునకు బదులుగా, అదే కర్మాగారమున తయారైన పాలీబ్రోమినేటెడ్ బైఫినైల్ అను అగ్నినిరోధకము దాణా మిల్లునకు చేరెను. పశువులు మేత మానెను, పాలు తగ్గెను. కారణము తేలుటకు 1974వ సంవత్సరము రావలసివచ్చెను. సుమారు 30,000 పశువులును, 15 లక్షల కోళ్ళును నాశనమయ్యెను. అప్పటికే ఆ పాలు, మాంసము, గ్రుడ్లు లక్షలాది ప్రజల కంచములకు చేరియుండెను. దశాబ్దుల తరువాతను అచటివారి రక్తమున ఆ రసాయనము కనబడెను.

అదే కాలమున పిల్లల రాత్రి దుస్తులు సులభముగా మండరాదని ఆ దేశము నియమము చేయగా, ‘ట్రిస్’ అను బ్రోమిను సమ్మేళనమును గుడ్డకు పట్టించిరి. అది జన్యువులను మార్చునని 1977 జనవరిలో ఆర్లీన్ బ్లమ్, బ్రూస్ ఏమ్స్ ప్రకటించిరి. ఏప్రిలులో ప్రభుత్వము దానిని దుస్తులలో నిషేధించెను. దానికి మారుగా వచ్చిన క్లోరిను ట్రిస్ కూడ అనుమానాస్పదమై దుస్తులనుండి తొలగెను. కాని పిమ్మట సోఫాల ఫోములో చోటు సంపాదించెను. ఫోము చిన్న మంటకు 12 సెకండ్లు తాళవలెనను 1975 నాటి కాలిఫోర్నియా నియమము ఇట్టి వాడుకకు ముఖ్యకారణము. 2013లో ఆ నియమమును సవరించి, రసాయనము లేకయే నెగ్గదగు పరీక్షను ప్రవేశపెట్టిరి. 2020నుండి కొత్త సోఫాలలో ఈ రసాయనములను దాదాపుగా నిషేధించిరి. అచట స్థిరపడిన తెలుగు కుటుంబముల ఇండ్లకును ఈ చరిత్ర సంబంధించినదే.

ప్రమాదమును అంచనావేయుటకు 1983లో అమెరికా జాతీయ పరిశోధనా మండలి నాలుగు మెట్లు చెప్పెను: పదార్థము చేయదగు కీడును గుర్తించుట, ఎంత మోతాదునకు ఎంత కీడో తెలిసికొనుట, ప్రజలకు అది ఎంత సోకుచున్నదో కొలుచుట, ఈ మూడింటిని కలిపి నిర్ణయించుట. అగ్నినిరోధకముల విషయమున మూడవ మెట్టునే లోకము చిరకాలము విస్మరించెను. వీనిలో అనేకములు ప్లాస్టిక్కుతో బంధము లేక కేవలము కలిసియుండును గనుక మెల్లగా వెలువడి ఇంటి దుమ్ములో చేరును. నేలపై ప్రాకి చేతులు నోటబెట్టుకొను శిశువునకు అవి పెద్దలకంటె నెక్కువగా సోకును. 1972నుండి 1997వరకు నిలువజేసిన తల్లిపాలను స్వీడనులో పరీక్షింపగా, అట్టి రసాయనముల పరిమాణము సుమారు ఐదేండ్ల కొకసారి రెట్టింపైనట్లు తేలెను. అవి వస్తువును విడిచిపోవును గాని లోకమును విడిచిపోవు.

ఈ జ్ఞానము ఫలితముగా 2001 నాటి స్టాక్‌హోమ్ ఒప్పందపు పట్టికలో 2009, 2013, 2017 సంవత్సరములందు ఇట్టి రసాయనములు క్రమముగా చేరెను. భారతదేశము ఆ ఒప్పందమును 2006లో ధ్రువీకరించెను. 2018లో ఏడు పదార్థములను నిషేధింపగా వానిలో నాలుగు బ్రోమిను అగ్నినిరోధకములే. 2014 మే 1నుండి విద్యుత్పరికరములలో రెండు జాతుల బ్రోమిను సమ్మేళనములు 0.1 శాతమునకు మించరాదను నియమము అమలునకు వచ్చెను. ఐనను పాత పరికరములు ఇండ్లలో మిగిలియున్నవి. వాని ప్లాస్టిక్కును, తీగల తొడుగులను బయట కాల్చినచో మరింత విషమైన పొగ వెలువడును. కావున వానిని అధికృత సేకరణ కేంద్రములకే ఇయ్యవలెను.

చరిత్ర బోధించు క్రమము స్పష్టము. మొదట నిప్పు పుట్టు కారణములను తొలగింపవలెను. పిదప బయటపడు వెడల్పైన దారిని, తేలికగా మండని కట్టడమును ఏర్పరుపవలెను. అప్పటికిని రసాయనము అవసరమైనచో వాడుకకు ముందే దానిని పరీక్షించి, ఫలితమును ప్రజలకు తెలుపవలెను. ఒక విషమును తీసి తెలియని మరియొకదానిని పెట్టుట నివారణ కాదు. కుంభకోణపు పిల్లలకు కావలసినది ఆకుల కప్పు లేని తరగతియు, వెడల్పైన మెట్లును. ఆ రెండింటికిని ఏ రసాయనమును బదులు కానేరదు. సంతలో కొనువాడు తన కంటితో కనలేని దానిని ప్రభుత్వమును, తయారుచేయువాడును ముందుగా చూచి చెప్పుటయే ధర్మము.