తోడుకు చుక్క మజ్జిగ

పొరుగింటి గుమ్మంలో నిలబడి "వదినగారూ, తోడుకు చుక్క మజ్జిగ ఉంటే పోస్తారా?" అని ఎప్పుడో ఒకప్పుడు అడగని ఇల్లాలు తెలుగునాట ఉండదేమో! గిన్నె నిండా పాలుంటాయి. కాచి, గోరువెచ్చగా చల్లార్చి ఉంచుతాం. కాని ఆ చుక్క పడకపోతే తెల్లవారేసరికి పెరుగు మాత్రం అవదు. పెరుగు కావాలంటే ముందు పెరుగుండాలి. మరి మొట్టమొదటి పెరుగు ఎక్కడిదీ అంటే, ఆ రహస్యం అమ్మమ్మల అమ్మమ్మలకే తెలియాలి.

అచ్చంగా ఇదే చిక్కు కంప్యూటరుకూ ఉంది. మీట నొక్కగానే అదేదో తనంతట తానే లేచి కూర్చుంటుందని మనం అనుకుంటాం. కాని ప్రోగ్రాము లేనిదే అది వేలు కూడా కదపలేదు. ఆ ప్రోగ్రాము డిస్కులో భద్రంగా ఉంది. దాన్ని డిస్కులోంచి చదవడానికి ఇంకో ప్రోగ్రాము కావాలి. దాన్నెవరు చదివి పెడతారు? పిచ్చి కుదిరితేగాని పెళ్ళి కాదు, పెళ్ళయితేగాని పిచ్చి కుదరదు!

అందుకని కంప్యూటరు పలక మీద ఒక చిన్న చిప్పులో తోడు చుక్క లాంటి ప్రోగ్రాము ముందే పోసి ఉంచుతారు. దానిపేరే ఫర్మ్‌వేరు. మన ఇళ్ళలోని కంప్యూటర్లలో దాన్ని బయాస్ అంటారు. కంపెనీవారు అప్పుడప్పుడు దానికి కొత్త కూర్పు పంపుతుంటారు. ఆ కొత్తది ఎక్కుతున్న నాలుగు నిమిషాల్లో కరెంటు పోయినా, ఎక్కిందే తప్పుడుదైనా అంతే సంగతులు. పాతది చెరిగిపోయింది, కొత్తది కుదరలేదు. లోపల పంకా తిరుగుతుంది, దీపం వెలుగుతుంది, తెర మాత్రం అమావాస్య. పనివాళ్ళ భాషలో అది "ఇటుక" అయిపోయినట్టు.

ఈ చుక్క కథ 1949లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో బాగా కనిపిస్తుంది. అక్కడ ఎడ్సాక్ అనే కంప్యూటరు కట్టారు. అప్పటికింకా పరిశోధక విద్యార్థిగా ఉన్న డేవిడ్ వీలర్ దానికోసం కేవలం 31 ఆదేశాలతో ఒక బుల్లి ప్రోగ్రాము రాశాడు. టెలిఫోను ఎక్స్ఛేంజీల్లో వాడే స్విచ్చీలకు తీగలు బిగించి ఆ ఆదేశాలను శాశ్వతంగా నిలిపారు. బొత్తాం నొక్కగానే అవి యంత్రం జ్ఞాపకంలోకి దిగేవి. ఆపైన చిల్లులు పొడిచిన కాగితపు పట్టీ నుంచి అసలు ప్రోగ్రామును చదివించేవి. తీగలతో బిగించిన రాత కాబట్టి చెరిగే భయమే లేదు.

అన్ని యంత్రాలకూ ఆ భాగ్యం లేదు. 1975లో అమెరికాలో వచ్చిన ఆల్టేర్ 8800 కొనుక్కున్నవాళ్ళు మొదట్లో ఆ మొదటి ప్రోగ్రామును ముందు పలక మీది స్విచ్చీలు పైకీ కిందికీ వేస్తూ చేత్తో ఎక్కించుకోవలసి వచ్చేది. కరెంటు తీస్తే అంతా మాయం, మళ్ళీ మొదటికి. చాదస్తంగా లేదూ! కాని ఒక సుఖం ఉంది. ఎంత తప్పు చేసినా ఆ యంత్రం ఇటుక కాదు.

ఇక మనం తప్పకుండా చెప్పుకోవలసింది చంద్రుడి మీదికి వెళ్ళిన అపోలో కంప్యూటరు సంగతి. అందులోని శాశ్వత ప్రోగ్రామును రాయలేదండీ, అల్లారు! మసాచుసెట్స్ రాష్ట్రంలో వాల్తమ్ అనే ఊళ్ళో రేథియాన్ కంపెనీ కర్మాగారంలో ఆడవాళ్ళు కూర్చుని, చిన్న చిన్న అయస్కాంతపు ఉంగరాల గుండా సన్నని రాగి తీగను సూదితో దూర్చేవారు. తీగ ఉంగరం లోంచి వెళితే ఒకటి, పక్కనుంచి వెళితే సున్న. బట్టల మిల్లుల్లోనూ, ఆ ఊరి గడియారాల కంపెనీలోనూ చేయి తిరిగినవాళ్ళు వాళ్ళలో చాలామంది. అలా 36,864 మాటల ప్రోగ్రామును అల్లికగా పోశారు. అల్లాక మార్చడమంటే విప్పి మళ్ళీ అల్లడమే, వారాల పని. 1969లో మనుషుల్ని చంద్రుడి మీద దింపిన ఆ ప్రోగ్రాము కరెంటు పోయినా చెరగలేదు. చరిత్ర పుస్తకాల్లో వ్యోమగాముల పేర్లున్నాయి. సూది పట్టినవాళ్ళ పేర్లు ఎంతమందికి తెలుసు?

ఫర్మ్‌వేరు అనే మాటను 1967లో ఆషర్ ఆప్లర్ అనే ఆయన వాడుకలోకి తెచ్చాడు. ఆయన చెప్పిన అర్థం కాస్త వేరుగాని, గట్టి వస్తువుకీ మెత్తని రాతకీ నడిమి సరుకు అన్న భావం నిలిచిపోయింది.

గట్టిది క్రమంగా మెత్తబడింది. 1971లో ఇంటెల్ కంపెనీలో డోవ్ ఫ్రోమన్ చెరిపి రాసుకునే చిప్పు తెచ్చాడు. దాని నెత్తిన ఒక చిన్న గాజు కిటికీ. అతినీలలోహిత కిరణాల దీపం కింద కాసేపు పెడితే పాత రాత చెరిగిపోయేది. చిప్పును ఊడదీసి, చెరిపి, రాసి, మళ్ళీ పెట్టాలి కాబట్టి పొరపాటున చెరిపే ప్రమాదం తక్కువ. 1984లో తోషిబా కంపెనీ ఇంజనీరు ఫుజియో మసువోకా, ఉన్నచోటనే క్షణంలో చెరిపి రాయగల ఫ్లాష్ చిప్పును లోకానికి చూపించాడు. కెమెరా ఫ్లాషు లాగా గుప్పుమని చెరుగుతుంది గనక ఆ పేరు. 1990ల్లో బయాస్ ఆ చిప్పులోకి మారింది. ఇంట్లో కూర్చునే కొత్త కూర్పు ఎక్కించుకోవచ్చు. ఎంత హాయి! ఆ హాయితోపాటే ఇటుక భయమూ ఇంట్లోకి వచ్చింది.

అది ఎంత భయమో 1999 ఏప్రిల్ 26న లోకానికి తెలిసొచ్చింది. తైవాన్‌లో ఒక విద్యార్థి రాసిన సిఐహెచ్ అనే వైరస్ ఆ రోజున విరుచుకుపడింది. చెర్నోబిల్ ప్రమాదం జరిగిన తేదీ కూడా అదే కావడంతో దానికి ఆ పేరూ పెట్టారు. అది డిస్కు మొదట్లో చెత్త రాసి ఊరుకోక, వీలైన యంత్రాల్లో బయాస్ మీద కూడా రాసేసింది. కొరియా, టర్కీ వంటి దేశాల్లో కంప్యూటర్లు లక్షల సంఖ్యలో దెబ్బతిన్నాయి. బయాస్ పోయినవి మీట నొక్కితే పలకలేదు.

అప్పుడు రిపేరు చేసేవాళ్ళు ఏం చేసేవారో తెలుసా? సరిగ్గా మన వదినగారి ఉపాయమే! అదే రకం కంప్యూటరు ఇంకొకటి వెతికి, దాని మంచి చిప్పుతో యంత్రాన్ని లేపేవారు. అది నడుస్తుండగానే ఆ చిప్పును జాగ్రత్తగా ఊడబెరికి, దాని స్థానంలో చచ్చిన చిప్పును పెట్టి, కొత్తగా రాయించేవారు. పొరుగింటి మజ్జిగతో తోడు వేసుకోవడం కాక మరేమిటి?

తర్వాత కంపెనీలకూ బుద్ధి వచ్చింది. చిప్పులో ఒక మూలను ఎవరూ చెరపడానికి వీల్లేకుండా విడిగా ఉంచారు. మిగతాదంతా పాడైనా ఆ మూల మేల్కొని, ఫ్లాపీ నుంచో పెన్‌డ్రైవు నుంచో మంచి కూర్పును చదువుకుంటుంది. కొందరు ఏకంగా రెండో చిప్పు పెట్టారు. ఇవేవీ లేని యంత్రమైతే, ఎనిమిది కాళ్ళ ఆ చిన్న చిప్పుకు క్లిప్పు తగిలించి బయటి పరికరంతో మంచి కూర్పు రాసే మెకానిక్కులున్నారు.

ఇందులో మనకు ముఖ్యమైన ముక్క ఒకటుంది. తోడు చెడితే పాలు పారబోయం కదా! బయాస్ పోయినంత మాత్రాన డిస్కులోని పిల్లల ఫొటోలు, పెళ్ళి వీడియోలు ఎక్కడికీ పోవు. ఎవరైనా "అమ్మా, అంతా పోయింది, కొత్తది కొనండి" అంటే కంగారు పడి తలూపకండి. ముందు చిప్పు సంగతి అడగండి. ఒక్క జాగ్రత్త: కొన్ని కంప్యూటర్లలో డిస్కుకు రహస్య తాళం ఉంటుంది. విండోస్‌లో అయితే దాని విడుదల సంఖ్యకు 48 అంకెలు. బయాస్ బాగయ్యాక ఒక్కోసారి అది అడుగుతుంది. దాన్ని ముందే కాగితం మీద రాసి బీరువాలో పెట్టుకుంటే నిశ్చింత.

పొరుగిల్లు లేనిచోట ఏం జరుగుతుందో అంగారక గ్రహం చెబుతుంది. 1976లో అక్కడ దిగిన వైకింగ్ 1 ఆరేళ్ళకు పైగా పనిచేసింది. 1982 నవంబరులో బ్యాటరీ బాగు చేద్దామని పంపిన కొత్త ఆదేశాలు, యాంటెన్నాను భూమివైపు తిప్పే వివరాల మీద పడి వాటిని చెరిపేశాయి. మళ్ళీ దాని మాట వినబడలేదు. 2004 జనవరిలో స్పిరిట్ అనే రోవరు లేవడం, పడడం, మళ్ళీ లేవడం మొదలుపెట్టింది. దాని ఫ్లాష్ నిండా దస్త్రాలు పేరుకుపోయాయి. అయితే ఆ ఫ్లాషును ముట్టుకోకుండా లేచే దారి ఒకటి ముందే ఉంచారు. ఆ దారిన లేపి, తుడిచి, బాగుచేశారు. అది 2010 దాకా కబుర్లు చెప్పింది.

రెంటికీ తేడా ఎంతని? విడిగా తీసి ఉంచిన చుక్కంత. గిన్నెలో పెరుగంతా వడ్డించేముందు అడుగున కాస్త మిగల్చాలని మన వంటిళ్ళలో ఎవరూ పాఠం చెప్పరు. చెయ్యి దానంతటదే ఆగుతుంది. ఇంజనీర్లకు ఆ చెయ్యి రావడానికి యాభై ఏళ్ళు పట్టింది, పాపం!