దేవుని పశ్చాత్తాపం

దేవుని పశ్చాత్తాపం అంటే దేవుడు తన నిర్ణయాన్ని మార్చుకున్నట్లు బైబిలు చెప్పే సందర్భాలను, ఆయన మార్పు లేనివాడన్న విశ్వాసంతో కలిపి పరిశీలించే క్రైస్తవ వేదాంతాంశం. ఈ చిక్కు సమూయేలు మొదటి గ్రంథం 15వ అధ్యాయంలో అత్యంత స్పష్టంగా కనబడుతుంది. సౌలును రాజుగా చేసినందుకు దేవుడు పశ్చాత్తాపపడ్డాడని 11, 35 వచనాలు చెబుతాయి. ఆయన పశ్చాత్తాపపడడని 29వ వచనం చెబుతుంది. హీబ్రూ మూలంలో మూడు చోట్లా ఉన్నది ‘నాహమ్’ అనే ఒకే క్రియ. దుఃఖించడం, జాలిపడడం, మనసు మార్చుకోవడం అన్నీ దాని అర్థాలే. తెలుగులో ‘పశ్చాత్తాపం’ తప్పు చేసినవారి బాధను స్ఫురింపజేస్తుంది కనుక తెలుగు పాఠకునికి చిక్కు మరింత పెరుగుతుంది.

దేవుడు మనసు మార్చుకున్నట్లు చెప్పే మరో సందర్భంలో, నీనెవె ప్రజలు మారినప్పుడు శిక్ష ఆగింది (యోనా 3:10). మనుషులు మారితే దేవుని చర్య మారుతుందన్న సూత్రం యిర్మీయా 18:7–10లో ఉంది. దేవుని పశ్చాత్తాపం గురించిన ఇలాంటి మాటలు మానవ భాషలో చెప్పినవని వేదాంతి జాన్ కాల్విన్ (1509–1564) వివరించాడు. భవిష్యత్తు కొంతమేర తెరిచే ఉందని, దేవుడు నిజంగానే స్పందిస్తాడని వేదాంతి క్లార్క్ పినాక్ తదితరులు 1994లో వాదించారు.