శిథిలాల వయసు లెక్కించడం: ఇనిష్ కెల్ట్రా ద్వీపం

ఐర్లాండ్‌లోని తొలి క్రైస్తవ మఠాల గురించి జవాబు రాసేటప్పుడు చాలామంది విద్యార్థులు ఒకే పొరపాటు చేస్తారు. మఠం వెలసిన తేదీని నేడు కనిపించే కట్టడానికి తగిలిస్తారు. ఇనిష్ కెల్ట్రా ద్వీపం ఉదాహరణగా ఈ విషయం పరిశీలిద్దాం.

ఈ చిన్న ద్వీపం షానన్ నది విస్తరించి ఏర్పడిన డెర్గ్ సరస్సులో, క్లేర్ కౌంటీ వైపున ఉంది. సంప్రదాయం ప్రకారం 6వ శతాబ్దంలో కొలమ్ అనే సాధువు ఇక్కడ నివసించాడు. 7వ శతాబ్దంలో కామిన్ ఈ మఠానికి పేరు తెచ్చాడు. ద్వీపంలో కనిపించే రాతి చర్చీలు, గుండ్రటి గోపురం వారి కాలానివే అనిపించడం సహజం. కానీ ఆనాటి ఐరిష్ మఠాల్లో చర్చీలను ఎక్కువగా కర్ర, తడిక, మట్టితో కట్టేవారు. రాతి చర్చీలు 10వ శతాబ్దం నుంచే విరివిగా వచ్చాయి.

కామిన్ పేరుతో ఉన్న చర్చినే చూడండి. దాని పక్కగోడలు మూలల దగ్గర ముఖగోడను దాటి కొద్దిగా ముందుకు వస్తాయి. రాతి కట్టడం నిలబడడానికి ఇవి అవసరం లేదు. కర్ర చర్చీల మూలస్తంభాలను రాతిలో అనుకరించారని పలువురు పండితుల అభిప్రాయం. అంటే, ఎప్పుడో పోయిన చర్చీల రూపం ఉన్న చర్చి గోడలో మిగిలిందన్నమాట. ఇదే చర్చికి రోమనెస్క్ శైలి ద్వారం 12వ శతాబ్దంలో చేరింది. కాబట్టి ఈ ఒక్క కట్టడానికే మీరు రెండు తేదీలు రాయాలి. 1970–80 మధ్య లియామ్ డి పోర్ ఇక్కడ తవ్వకాలు జరిపాడు.

ఇక గోపురం. సుమారు 22 మీటర్ల ఎత్తు, పైకప్పు లేదు, తలుపు నేలకు చాలా ఎత్తున ఉంది. వైకింగుల నుంచి దాక్కోవడానికే కట్టారని పర్యాటకులకు చెబుతారు. వినడానికి బాగుంటుంది. అయితే ఇలాంటి గోపురాల ఐరిష్ పేరుకు ‘గంట ఇల్లు’ అని అర్థం. లోపల కర్ర అంతస్తులు. నిప్పంటుకుంటే అది పొగగొట్టమే. 950లో స్లేన్ గోపురం లోపలి మనుషులతో సహా కాలిపోయినట్లు వార్షిక వృత్తాంతాలు చెబుతున్నాయి.

సరస్సు కూడా రక్షణ కాదు. అది రహదారి. 922లో లిమెరిక్ వైకింగులు షానన్ మీదుగానే వచ్చి ఈ ద్వీపాన్ని దోచుకున్నారు. తర్వాత ఇదే ప్రాంతం నుంచి బ్రయాన్ బోరు ఐర్లాండ్ అధిరాజుగా ఎదిగాడు. ఇక్కడి చర్చిని ఆయనే కట్టించాడని సంప్రదాయం. ఆయన సోదరుడు మార్కన్ 1010లో మరణించేనాటికి ఈ మఠానికి అధిపతి. శిథిలాలన్నిటినీ 6వ శతాబ్దానికి కట్టబెడితే, రాతికి డబ్బు పెట్టిన ఈ రాజకుటుంబం మీ జవాబులోంచి పూర్తిగా జారిపోతుంది.